రాయ్‌పూర్ పాత ఆసుపత్రి చెప్పే పాఠం

రాయ్‌పూర్ నగరం మధ్యలో ఉన్న డీకేఎస్ భవనం పాతికేళ్లలో రెండుసార్లు చేతులు మారింది. దాత దావూ కల్యాణ్ సింగ్ పేరిట వెలసిన ఆసుపత్రి అది. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక సచివాలయంగా మారింది. 2012లో సచివాలయం నయా రాయ్‌పూర్‌కు తరలిపోయింది. ఖాళీ అయిన భవనాన్ని బాగుచేసి, 2018లో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిగా మళ్లీ తెరిచారు.

పాత ప్రభుత్వ భవనాల కథ సాధారణంగా ఇలా సాగదు. కార్యాలయం ఖాళీ అవుతుంది, మరమ్మతులు ఆగుతాయి, పైకప్పు కారుతుంది. చివరికి ‘శిథిలావస్థ’ అనే నివేదిక వస్తుంది. కూల్చివేతకు దారి అక్కడే తెరుచుకుంటుంది.

చట్టం ఎక్కడ ఆగుతుంది?

1958 నాటి కేంద్ర చట్టం కనీసం వందేళ్ల వయసు, జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలకే వర్తిస్తుంది. వాటి చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. కోటలకు, గుళ్లకు ఇది సరిపోతుంది. పాత బస్తీలోని ఇళ్లు, బజార్లు, ఆసుపత్రులు మాత్రం దీని పరిధిలోకి దాదాపు రావు. వాటికి దిక్కు నగర ప్రణాళికలోని వారసత్వ నిబంధనలే.

ఆ నిబంధనలను తీసేస్తే ఏమవుతుందో హైదరాబాద్ చూసింది. వారసత్వ కట్టడాలను కాపాడే 13వ నిబంధనను 2015లో రద్దు చేశారు. 2019 జూన్‌లో ఎర్రమంజిల్ ప్యాలెస్ స్థలంలో కొత్త శాసనసభ కట్టాలని మంత్రివర్గం తీర్మానించింది. వారసత్వ భవనంగా దానికున్న రక్షణను, హెచ్‌ఎండీఏ అనుమతి అవసరాన్ని పట్టించుకోలేదంటూ సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

ఆ తీర్పుతో కూల్చివేత ఆగింది. కానీ మరమ్మతు చేయించడం, భవనానికి ఓ పని అప్పగించడం కోర్టు తీర్పుతో అయ్యేవి కావు.

ఇప్పుడు ఉస్మానియా

అందుకే రాయ్‌పూర్ అనుభవం తెలుగు పాఠకులకు దగ్గరిది. వర్షపు నీరు చేరాక 2020 జులైలో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని ఖాళీ చేయించారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కొత్త ఆసుపత్రికి వేరే స్థలం దొరకడంతో, పాతది కూల్చాలన్న వాదనకున్న ప్రధాన కారణం పోయింది. ఇక తేలాల్సింది ఆ భవనాన్ని దేనికి వాడతారు, మరమ్మతుల ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవే.

ప్రైవేటు ఇళ్ల సంగతి ఇంకా చిక్కు. కూల్చి అంతస్తులు వేస్తే లాభం వచ్చే చోట యజమానిని ఊరికే ఆపమంటే ఆగడు. కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కును మరోచోట అమ్ముకునే వీలు (టీడీఆర్) ముంబయి 1995లోనే వారసత్వ నిబంధనల్లో చేర్చింది. నష్టాన్ని నగరం కొంత పంచుకుంటేనే పాత వీధి మిగులుతుంది.