చిత్రసంగీతంలో ప్రధాన వరుస

సుమారు నాలుగు గంటలు నడిచిన చిత్రం ముగిసే వేళ, మాట ఒక్కటీ లేని వాద్యసంగీతం ప్రేక్షకుని కంట నీరు తెప్పిస్తుంది. ఇది ఎట్లా సాధ్యం? పాట అయితే సాహిత్యం అండగా ఉంటుంది. వయొలిన్లకు, ఇత్తడి బూరలకు తమంత తాము చెప్పగల అర్థమంటూ లేదు గదా!

ఈ విషయం విచారించడానికి 1939లో వెలువడిన ‘గాన్ విత్ ది విండ్’ అనే అమెరికన్ చిత్రాన్ని తీసుకొందాము. సంగీతకర్త మాక్స్ స్టైనర్. 1888లో వియన్నాలో, నాటకశాలలతో సంబంధమున్న కుటుంబంలో జన్మించినాడు. 1933లో ‘కింగ్ కాంగ్’ చిత్రానికి కూర్చిన సంగీతంతో హాలీవుడ్‌లో ఆయన పేరు స్థిరపడినది.

కథ అమెరికా అంతర్యుద్ధకాలం నాటిది. నాయిక స్కార్లెట్ తండ్రికి జార్జియా రాష్ట్రంలో పెద్ద ప్రత్తి కమతం ఉన్నది. దాని పేరు టారా. ఐర్లండునుండి వలస వచ్చిన ఆ వృద్ధుడు, తన మాతృదేశంలో ప్రాచీనరాజుల పీఠమైన కొండ పేరును తన పొలానికి పెట్టుకొన్నాడు. స్టైనర్ ఈ చిత్రంలో పలు పాత్రలకు వేర్వేరు వరుసలు కట్టినాడు. కాని ప్రధాన వరుసను నాయికకు ఇవ్వలేదు, ప్రణయానికీ ఇవ్వలేదు. ఆ భూమికి ఇచ్చినాడు. ఆయన ప్రతిభకు ఈ ఒక్క నిర్ణయమే చాలిన నిదర్శనమని నా అభిప్రాయం.

వరుస ఆరంభంలోనే మొదటి స్వరంనుండి రెండవది ఒక్క అంగలో పైస్థాయికి పోతుంది. మన పరిభాషలో చెప్పాలంటే, మధ్యస్థాయి షడ్జంనుండి నడుమ మెట్టు ఏదీ త్రొక్కకుండా తారాషడ్జాన్ని అందుకొన్నంత దూరం. (టారాకు, మన తారాస్థాయికి పేరులో కలిగిన ఈ పొత్తు యాదృచ్ఛికమే, అయినా ముచ్చటగా ఉన్నది.) ఎవరైనా గొంతెత్తి పాడి చూస్తే, అంత ఎత్తు అందుకోవడానికి ఊపిరి కూడదీసుకోవలసి వస్తుంది. ఆ ప్రయాసే వినేవానికి ఆరాటంగా తోస్తుంది.

అయితే లంఘనం మాత్రమే చాలదు. అదే సంవత్సరం వచ్చిన ‘ది విజర్డ్ ఆఫ్ ఆజ్’ చిత్రంలో హారల్డ్ ఆర్లెన్ వరుస కట్టిన ‘ఓవర్ ది రెయిన్‌బో’ కూడా ఇటువంటి లంఘనంతోనే మొదలవుతుంది. అక్కడ అది కానరాని లోకంకోసం చేయి చాపుతుంది. ఇక్కడ కాలిక్రింది నేలను విడువనంటుంది. (మౌలిక చిత్రసంగీతానికి ఆ యేటి ఆస్కార్ బహుమతి స్టైనర్‌కు రాక, ఆ రెండవ చిత్రానికే పోయినది.) కొలత ఒకటే అయినప్పుడు ఈ భేదం ఎక్కడినుండి వచ్చినది?

కథనుండి వచ్చినది. చిత్రం తొలిభాగంలో తండ్రి సంధ్యవేళ కుమార్తెను చెట్టు క్రింద నిలబెట్టి, లోకంలో నిలిచేది భూమి ఒక్కటేనని చెబుతాడు. కెమెరా వెనుకకు జరుగుతుంది. ఇద్దరూ ఎర్రని ఆకాశంమీద నీడలుగా మిగులుతారు. వాద్యబృందమంతా ఒక్కటై ఆ వరుసను ఎత్తుకొంటుంది. ఆ పిల్లకు మాట తలకెక్కలేదు, మనకు మాత్రం వరుస ఎక్కినది. తరువాత యుద్ధం వస్తుంది, ఇల్లు కొల్లబోతుంది. ఆకలితో నేలను త్రవ్వి దుంప తిన్న స్కార్లెట్ ఇక ఎన్నడూ పస్తుండనని శపథం చేసినప్పుడు, అదే వరుస. చిట్టచివర భర్త విడిచిపోగా మెట్లమీద కూలబడిన ఆమెకు గుర్తువచ్చే గొంతుకలు టారా పేరే పలుకుతాయి. మరల అదే వరుస. చరణం తరువాత పల్లవికి తిరిగివచ్చినప్పుడు పల్లవి మాట మారకపోయినా బరువు మారడం మన కీర్తనలలో అందరూ ఎరిగినదే. ఇక్కడ ఆ చరణాలు ఆమె పోగొట్టుకొన్నవి.

ఇంతటి శక్తిగల వరుస మనచేత ఒకటి మరపింపజేస్తుంది కూడా. ఆ పొలంలో ప్రత్తి పండించినది బానిసలు. వరుస యజమాని కూతురి హృదయంనుండి లేచినది కాబట్టి, వినేవాడు తెలియకుండానే ఆమె పక్షం వహిస్తాడు. నేల ఎవరి చెమటతో తడిసినదో అడిగే తీరిక సంగీతం ఇవ్వదు. 1939 డిసెంబరులో అట్లాంటా నగరంలో చిత్రం మొదటిసారి ప్రదర్శించినప్పుడు, ఆ ఇంటి దాసి పాత్ర ధరించిన హాటీ మెక్‌డానియల్, వర్ణవివక్ష శాసనాల మూలాన, ఆ శాలలో కూర్చుండడానికి వీలులేకపోయినది. మరుసటి సంవత్సరం ఆ పాత్రకే ఆమెకు ఆస్కార్ వచ్చినది.