అనామక ఆటగాళ్ల కార్డులకూ గిరాకీ

అమెరికాలో పాత బేస్‌బాల్ కార్డుల వ్యాపారమంటే పెద్ద పేర్ల వ్యాపారమనే అభిప్రాయం ఉన్నది. 1952లో టాప్స్ కంపెనీ బబుల్‌గమ్‌తో కలిపి అమ్మిన మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టు వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది మరి. కాని ఆ సెట్టులో మొత్తం 407 కార్డులున్నాయి. అత్యధికం నేడు ఎవరికీ గుర్తులేని ఆటగాళ్లవి. బజారులో వీటిని ‘కామన్లు’ అంటారు.

కామన్లకు గిరాకీ తెచ్చేది అభిమానులు కాదు, సెట్టు పూర్తి చేయదలచినవారు. 406 కార్డులు సమకూర్చుకున్నవాడికి మిగిలిన ఆ ఒక్క కార్డు మీద ఎవరి బొమ్మ ఉన్నా ఒకటే. ఈ సంగతి అమ్మకందారు పసిగడితే బేరం అతని చేతిలోకి పోయినట్లే.

సరకు లభ్యత మరీ విచిత్రం. 311 నుంచి 407 వరకు నంబర్లు ఆటల సీజను ముగియవస్తుండగా విడుదలయ్యాయి. అప్పటికి గిరాకీ ఫుట్‌బాల్ వైపు మళ్లింది. మిగిలిపోయిన నిల్వలను 1960లో పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించినట్లు టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ తర్వాత చెప్పారు. ఈ 97 నంబర్లకు కొరత అలా ఏర్పడింది. అయితే వీటిలో మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్ కార్డులు మిగతా వాటికి రెట్టింపు అచ్చయ్యాయి. అంటే పక్కనున్న అనామకుడి కార్డే మాంటిల్ కంటె తక్కువగా అచ్చయింది. ధరలో మాత్రం మాంటిల్ దరిదాపులకు రాదు. కొరత ఒక్కటే ధర కట్టదు.

ఆండీ పాఫ్కోది మరో కథ. మంచి ఆటగాడే గాని మాంటిల్ సరసన నిలిచే పేరు కాదు. ఆయన కార్డు ఆ సెట్టులో 1వ నంబరు. పిల్లలు కార్డులను వరసగా పేర్చి రబ్బరు బ్యాండు వేసేవారు. పైనున్న పాఫ్కో అంచులు నలిగిపోయేవి. నలగనిది దొరకడమే గగనమైంది. 10వ గ్రేడు పొందిన పాఫ్కో కార్డు ఒకటి 1998లో 83,870 డాలర్లకు అమ్ముడుపోయింది.

గ్రేడు వేసేది పీఎస్ఏ వంటి సంస్థలు. కార్డును పరీక్షించి, 1 నుంచి 10 వరకు గ్రేడు ఇచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తాయి. ఏ గ్రేడులో ఎన్ని కార్డులు తమ వద్దకు వచ్చాయో ప్రకటిస్తాయి. మేలు రకం కామన్ల ధర ఈ లెక్కను బట్టే ఆడుతోంది. ఒక నంబరులో పై గ్రేడువి రెండే ఉన్నంతకాలం తేజీ. మూడోది ఎవరి అటక మీద నుంచో దిగితే మందీ. ఇద్దరు పోటీపడి పెంచిన ధరను మార్కెట్ ధరగా నమ్మి సరకు ఎత్తినవారికి అసలు చిక్కు. ఆ ఇద్దరిలో ఒకరికి కార్డు దొరికిపోయింది గనుక రెండోసారి పోటీకి ఒక్కరే మిగులుతారు.

1909-11 మధ్య సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టీ-206 సెట్టులో దక్షిణాది చిన్న లీగుల వారు 48 మంది ఉన్నారు. పేరు లేకపోయినా వీరి కార్డులు ఆ సెట్టులోని ఇతర కామన్ల కంటె ఎక్కువే పలుకుతాయి. 1980 దశకం చివర, 1990 దశకం మొదట్లో అచ్చయిన వాటి సంగతి వేరు. అప్పుడు కంపెనీలు పోటీపడి లెక్కకు మించి అచ్చువేశాయి. ఆనాటి కామన్లను పెట్టెలకొద్దీ ఇస్తామన్నా తీసుకునేవారు అరుదు.