బరువు తగ్గే మందు ఏది? ముట్లుడిగిన మహిళల తర్జనభర్జన

గుత్తి: చిన్న కాగితంపై రెండు పేర్లు రాయించుకొని ఆమె మందుల దుకాణం ముందు నిలబడింది. వయసు 48. బరువు 72 కిలోలు. ఒకటి బెంగుళూరులో ఉన్న కూతురు ఫోనులో చెప్పిన, వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్. రెండోది పొరుగింటామె తాగుతున్న పొడి. "రెంట్లో ఏది మంచిదో చెప్పు నాయనా. మోకాళ్లు పట్టుకుపోతాండాయి, మెట్లెక్కలేకుండా ఉండా" అని ఈ విలేకరిని అడిగింది. 34వ ఏట గర్భసంచి తీయించుకున్నప్పటి నుంచి ఒళ్లు వస్తోందట.

ఇలాంటి వారు మన పల్లెల్లో చాలామందే ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో నూటికి దాదాపు 9 మంది గర్భసంచి తీయించుకున్నారు. దేశంలో ఇదే అందరికన్నా ఎక్కువ. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఆ రోజే మొదలవుతుంది. మిగతావారికి సాధారణంగా 46, 47 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గడంతో కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది.

ముందుగా పొడి సంగతి. తయారీదారు పేరు, మందు వివరం లేని పొట్లం ఎంత చౌకైనా ముట్టుకోరాదు. గుండెకు ముప్పని మన దేశంలో 2011లో నిషేధించిన సిబుట్రమిన్ అనే మందును ఇలాంటి 'మూలికా' పొడుల్లో గుట్టుగా కలిపినట్లు పలు దేశాల్లో బయటపడింది. బీపీ ఉన్నవారికి అది మరీ ప్రమాదం.

ఆర్లిస్టాట్ పాత మాత్ర. తిన్న కొవ్వులో దాదాపు మూడో వంతు ఒంటికి పట్టకుండా చేస్తుంది. ఏడాదికి తగ్గేది పథ్యంతో తగ్గేదానికన్నా సుమారు 3 కిలోలు మాత్రమే. నూనె వంటలు తింటే విరేచనం జిడ్డుగా, ఆపుకోలేనంతగా వస్తుంది. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లకు ఇది ఎంత ఇబ్బందో చెప్పనక్కర లేదు.

ఇక ఇంజెక్షన్లు. మన దేశంలోకి 2025 మార్చిలో టిర్జెపటైడ్ (మౌంజారో), జూన్‌లో సెమాగ్లూటైడ్ (వెగోవి) వచ్చాయి. రెండూ ఆకలిని తగ్గిస్తాయి. రెండింటినీ పోల్చిన 2025 నాటి పరిశోధనలో 72 వారాలకు టిర్జెపటైడ్‌తో నూటికి 20 వంతులు, సెమాగ్లూటైడ్‌తో 14 వంతుల బరువు తగ్గింది. అంటే 72 కిలోల మనిషికి 14 కిలోలు, 10 కిలోలు. ముట్లుడిగినవారిలోనూ టిర్జెపటైడ్ బాగానే పనిచేసినట్లు తేలింది.

అయితే ఖర్చు చూడాలి. విడుదలైనప్పుడు మౌంజారో కనీస మోతాదు వారానికి రూ.3,500. నెలకు రూ.14,000. రోజుకు మూడు వందల కూలి వచ్చే ఇంట్లో ఇది సాగేదేనా? పైగా మానేస్తే పోయిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది. సెమాగ్లూటైడ్ ఆపినవారిలో ఏడాదికే మూడింట రెండు వంతులు తిరిగి చేరింది. కాబట్టి నాలుగు నెలలకు అప్పు చేసి మొదలుపెట్టడం కన్నా అసలు మొదలుపెట్టకపోవడమే మేలని ఈ విలేకరి అభిప్రాయం.

ఇవి అందరికీ ఇచ్చే మందులు కావు. అయిదడుగుల మహిళకు సుమారు 70 కిలోలు దాటితే, షుగరు, బీపీ వంటివి ఉంటే 63 దాటితే డాక్టరు ఆలోచిస్తారు. వాంతులు, మలబద్ధకం సాధారణం. క్లోమం వాపు వచ్చినవారు, కుటుంబంలో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సరు ఉన్నవారు ముందే చెప్పాలి. ముట్లు పూర్తిగా ఆగనివారికి గర్భం రాకుండా జాగ్రత్త అవసరం. ఇన్సులిన్ వాడేవారికి షుగరు బాగా పడిపోవచ్చు.

కొవ్వుతోపాటు కండ, ఎముక కూడా తగ్గుతాయి గనుక ఏ మందు వాడినా సంగటి ఒక్కటే తింటే చాలదు. ఉలవలు, పెసలు, గుడ్డు, పాలు ఉండాలి. బరువులు మోసే పని, నడక మానరాదు.

ఆమె సంచిలోంచి మోకాళ్ల నొప్పుల మాత్రలు కూడా తీసి చూపించింది. ఊళ్లో ఇచ్చినవట, ఎనిమిది నెలలుగా మింగుతోంది. వాటిలో ఒకటి స్టెరాయిడ్ అని దుకాణదారు గుర్తించాడు. ఒళ్లు రావడానికి అది కూడా కారణం కావచ్చు. "ఈ మందుల సంగతి తర్వాత అక్కా, ముందు ఈ మాత్ర తీసుకుపోయి ప్రభుత్వాసుపత్రిలో చూపించు. థైరాయిడ్, షుగరు పరీక్ష కూడా అడుగు. అంతవరకు దీన్ని ఉన్నపళంగా ఆపొద్దు, అదీ ప్రమాదమే" అని చెప్పి పంపాడు.