ఒకే ఫోల్డర్, పలు రిపాజిటరీలు

మీకు తెలుసా? చెకౌట్ చేసిన ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ఒకే రిపాజిటరీవి కానక్కర్లేదు. వేర్వేరు సర్వర్లలోని రిపాజిటరీల నుంచి డైరెక్టరీలు తెచ్చి ఒకే వర్కింగ్ కాపీలో కలిపేయొచ్చు.

2004లో 1.0 వెర్షన్ వచ్చిన సబ్‌వర్షన్‌లో దీనికి ‘ఎస్‌వీఎన్:ఎక్స్‌టర్నల్స్’ అనే ప్రాపర్టీ ఉంది. కావాల్సిన ఫోల్డర్‌కి దాన్ని సెట్ చేసి, లైనుకొక యూఆర్‌ఎల్, పక్కనే అది దిగాల్సిన సబ్‌ఫోల్డర్ పేరు రాసి కమిట్ చేస్తే సరి. ఆ తర్వాత టీమ్‌లో ఎవరు చెకౌట్ చేసినా ఆ డైరెక్టరీలు కూడా వాటంతటవే దిగుతాయి. 2008 నాటి 1.5 వెర్షన్‌కు ముందైతే ఫోల్డర్ పేరే ముందు రాయాలి, యూఆర్‌ఎల్ తర్వాత. పాత ప్రాజెక్టుల్లో ఇప్పటికీ ఆ వరుస కనిపిస్తే కంగారు పడకండి, అదీ చెల్లుతుంది.

స్టేటస్ చూస్తే ఇలా వచ్చిన డైరెక్టరీల ముందు ‘ఎక్స్’ అని కనిపిస్తుంది. పై ఫోల్డర్‌లో ఉండి మామూలుగా కమిట్ కొడితే వాటిలోని మార్పులు వెళ్లవు. లోపలికి దిగి విడిగా కమిట్ చేయాలి.

అసలు తంటా రివిజన్ నంబరుతో. ప్రాపర్టీలో యూఆర్‌ఎల్‌తో పాటు అది రాయకపోతే బయటి డైరెక్టరీ ఎప్పుడూ తాజా రివిజనే వస్తుంది. రెండేళ్ల కిందటి రిలీజ్‌లో బగ్ వచ్చిందని ఆ ట్యాగ్ చెకౌట్ చేస్తే, మీ కోడ్ అప్పటిదీ, లైబ్రరీ ఈ ఉదయం ఎవరో మార్చినదీ! ఇక ఆ బగ్ దొరికినట్టే. నన్నడిగితే నంబరు లేని ఎక్స్‌టర్నల్‌ని కోడ్ రివ్యూలోనే ఆపేయాలి. ఈ అవస్థ సబ్‌వర్షన్ వాళ్లకూ తెలుసు. అందుకే 2015లో వచ్చిన 1.9లో, ట్యాగ్ కోసం కాపీ చేసేటప్పుడే అప్పటి రివిజన్లను నమోదు చేసే ‘--పిన్-ఎక్స్‌టర్నల్స్’ ఆప్షన్ పెట్టారు.

గిట్ మొదటినుంచీ ఇందుకు పూర్తిగా ఉల్టా. 2007లో వచ్చిన దాని సబ్‌మాడ్యూల్, బయటి రిపాజిటరీలోని ఫలానా కమిట్ అని హ్యాష్‌తో సహా రాసిపెట్టుకుంటుంది. మనం మార్చేదాకా అక్కడి నుంచి కదలదు. కాకపోతే క్లోన్ చేసినప్పుడు ‘--రికర్స్-సబ్‌మాడ్యూల్స్’ అనకపోతే ఆ ఫోల్డర్ ఖాళీగా దిగుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు మొదటి రోజే “ఇందులో ఏమీ లేదేంటండీ?” అని వస్తే, ‘గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్’ కొట్టమనండి.