పాడైన ఆట యంత్రం: లోపం చెప్పడం, రసీదు రాయించుకోవడం

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు వెళ్ళి ఏం చెబుతాం? "నాకు టైఫాయిడ్ వచ్చింది, మందు రాయండి" అనం. జ్వరం ఎన్నాళ్ళ నుంచి ఉంది, రాత్రిపూట పెరుగుతోందా, చలి వేస్తోందా అనేవి చెబుతాం. రోగానికి పేరు పెట్టడం డాక్టరు పని. కాని పాడైన వస్తువును బాగుచేయించడానికి వెళ్ళినప్పుడు ఈ పద్ధతి మరిచిపోతాం. "పనిచేయడం లేదు, చూడండి" అని బల్లమీద పెట్టి వచ్చేస్తాం. లేదా ఎవరో అన్న మాటను పట్టుకొని "మదర్‌బోర్డు పోయింది" అని మనమే తీర్పు చెప్పేస్తాం. రెండింటిలోనూ నష్టం మనకే.

ఈ పాఠానికి ఉదాహరణగా టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ కన్సోల్‌ను తీసుకున్నాం. కన్సోల్ అనే మాటకు తెలుగులో స్థిరపడిన పదం లేదు. అందువల్ల ఆట యంత్రం అని కూడా అంటున్నాం. ఆటబొమ్మ గురించి పాఠమా అని మీరు నవ్వుకోవచ్చు. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చినప్పుడు డిస్కు వేసే రకం ధర 49,990 రూపాయలు. చాలా ఇళ్ళలో ఫ్రిజ్‌కు కూడా అంత పెట్టరు. పైగా కరెంటు, వేడి, ధూళి, నాజూకైన అతుకులు అన్నీ ఒకే పెట్టెలో ఉన్న వస్తువు ఇది. దీనిని బాగుచేయించడం తెలిస్తే టీవీని, కంప్యూటరును బాగుచేయించడం కూడా తెలిసినట్లే.

ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మా అబ్బాయి ప్లేస్టేషన్ 4 ఒక వేసవిలో ఆగిపోయింది. దీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, టీవీలో మాత్రం బొమ్మ లేదు. ఢిల్లీలో ఒక దుకాణానికి తీసుకువెళ్ళాను. చిన్న చీటీ మీద "పి.ఎస్.4, డెడ్" అని రాసి ఇచ్చారు. మూడు రోజుల తరువాత ఫోను చేసి బోర్డు మార్చాలన్నారు. సరే అన్నాను. యంత్రం ఇంటికి వచ్చింది, బొమ్మా వచ్చింది. కాని మా వాడు నాలుగేళ్ళుగా దాచుకున్న ఆటలు ఒక్కటీ లేవు. పాత బోర్డు ఏదని అడిగితే పారేశామన్నారు. కొన్నాళ్ళకు వేరొక మెకానిక్‌కు ఈ కథంతా చెప్పాను. ఆయన విని, "బొమ్మ ఒక్కటే రాకపోతే ముందు చూడవలసింది పోర్టు కదండీ" అన్నాడు. అది నిజమో కాదో తేల్చుకునే వీలు ఇక లేదు. బోర్డు లేదు. చీటీలో ఏమీ లేదు. ఆ చీటీని అలా రాయనిచ్చినవాణ్ణి నేనే.

ఇప్పుడు ఆ లోపాన్నే నిదానంగా పరిశీలిద్దాం. దీపం వెలిగి, ఫ్యాను తిరిగి, బొమ్మ రాకపోవడానికి కారణాలు ఎన్నో ఉండవచ్చు. కన్సోల్‌ను టీవీకి కలిపే హెచ్.డి.ఎం.ఐ. తీగ తెగి ఉండవచ్చు. టీవీలో ఆ తీగ పెట్టిన చోటు పాడై ఉండవచ్చు. కన్సోల్ వెనుక తీగ దూర్చే పోర్టులో ఉండే 19 సన్నని పిన్నులలో ఒకటి వంగి ఉండవచ్చు. పిల్లలు చీకట్లో తడుముతూ తీగను బలవంతంగా దూర్చినప్పుడు, తీగ తగిలి ఉండగానే యంత్రాన్ని లాగినప్పుడు ఇలా జరుగుతుంది. పోర్టు బాగానే ఉండి, దాని వెనుక బొమ్మను పంపే ఐ.సి. పోయి ఉండవచ్చు. వీటన్నింటి తరువాతే అసలు పెద్ద చిప్పు సంగతి. మొదటిదానికి కొత్త తీగ కొంటే చాలు. పోర్టు మార్చడం చేయి తిరిగిన మెకానిక్‌కు ఒక పూట పని. చివరిదానికి అయ్యే ఖర్చు చూస్తే కొత్త యంత్రం కొనుక్కోవాలనిపిస్తుంది. బయటికి కనిపించే లక్షణం మాత్రం అన్నింటికీ ఒకటే.

కాబట్టి గుమ్మం దాటకముందే కొన్ని పరీక్షలు చేయండి. వేరే తీగ పెట్టి చూడండి. వేరే టీవీకి తగిలించి చూడండి. ప్లేస్టేషన్ 4, 5 రకాలలో యంత్రం ఆపి ఉన్నప్పుడు మీటను నొక్కిపట్టి ఉంచితే, సుమారు 7 సెకన్లకు రెండో బీప్ వినిపిస్తుంది. అప్పుడు వదిలితే యంత్రం రక్షిత పద్ధతిలో తెరుచుకుంటుంది. అక్కడ బొమ్మ కనిపిస్తే పోర్టు బతికే ఉంది, లోపం అమరికలో ఉండవచ్చు. యంత్రం ఆడుతూ ఆడుతూ ఆగిపోతుంటే అది ఎక్కడ ఉందో చూడండి. మే, జూన్ నెలల్లో ఢిల్లీ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అటువంటప్పుడు తలుపులున్న టీవీ బల్లలో, గోడకు ఆనించి పెట్టిన యంత్రం గాలి ఆడక కాగిపోతుంది. ఇక రాజస్థాన్ వైపు నుంచి వచ్చే దుమ్ము సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. చిప్పుకూ దాని వేడిని లాగే లోహపు పలకకూ మధ్య పూసే పేస్టు ఏళ్ళు గడిస్తే ఎండిపోతుంది. దుమ్ము తీసి, పేస్టు మళ్ళీ పూస్తే చాలా యంత్రాలు తేరుకుంటాయి. అయితే ఈ పని మీరు చేయకండి. ప్లేస్టేషన్ 5లో పేస్టుకు బదులు ద్రవలోహం ఉంటుంది. అది కరెంటును ప్రవహింపజేస్తుంది, బోర్డు మీద ఒలికితే అంతే సంగతులు. కరెంటు తీగ పీకేసినా పవర్ సప్లైలోని కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచే ఉంటుంది.

చూసినవన్నీ ఒక కాగితం మీద రాయండి. పెద్ద వ్యాసం అక్కరలేదు. ఈ నమూనా చూడండి:

"12వ తేదీ రాత్రి ఆడుతుండగా టీవీలో బొమ్మ పోయింది. దీపం తెల్లగా వెలుగుతోంది. ఫ్యాను శబ్దం మామూలుగానే ఉంది. రెండు తీగలు, రెండు టీవీలు మార్చి చూశాం. తీగను పైకి ఎత్తి పట్టుకుంటే ఒక్క క్షణం బొమ్మ వచ్చి పోయింది. కింద పడలేదు. నీళ్ళు పడలేదు. ఇంతవరకు ఎవరూ విప్పలేదు."

ఇందులో "అనుకుంటున్నాను", "అయి ఉండవచ్చు" అనే మాటలు లేవని గమనించారా? జరిగినవి మాత్రమే ఉన్నాయి. తీగను ఎత్తినప్పుడు బొమ్మ వచ్చిపోయిందన్న ఒక్క వాక్యం మెకానిక్‌కు గంట పని తగ్గిస్తుంది. ఒకవేళ కింద పడి ఉంటే, నీళ్ళు పడి ఉంటే, దాచకుండా అదీ రాయండి. పిల్లవాణ్ణి తిట్టనని ముందుగా మాట ఇస్తే నిజం త్వరగా బయటకు వస్తుంది.

ఎక్కడికి వెళ్ళాలి? కొన్న బిల్లు తీసి తేదీ చూడండి. వారంటీ ఉంటే కంపెనీ సర్వీసు కేంద్రానికే వెళ్ళాలి. బయట విప్పించిన యంత్రానికి వారంటీ వర్తించదని వారు అనవచ్చు. మన తెలుగు ఇళ్ళలో ఇక్కడ ఒక చిక్కు తరచుగా వస్తుంది. అమెరికా నుంచి బావగారో, పిన్ని కొడుకో యంత్రం తెచ్చి ఇస్తారు. అక్కడ కొన్న వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందు అడిగి తెలుసుకోవాలి. అంతకంటే ముఖ్యమైనది కరెంటు. అక్కడి ఇళ్ళలో 120 వోల్టులు, మనకు 230. అమెరికాలో అమ్మిన ఎక్స్‌బాక్స్ 360 పవర్ పెట్టెను అక్కడి వోల్టేజికే తయారుచేశారు. అటువంటిదాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే పవర్ పెట్టె కాలిపోతుంది. పెట్టె మీద "100-240" అని ఉంటే భయం లేదు. "100-127" అనో "120" అనో ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కాలిపోయి ఉంటే మాత్రం మెకానిక్‌కు ఈ సంగతి మొదటే చెప్పండి. చాలాసార్లు పవర్ పెట్టె మార్చడంతో సరిపోతుంది.

వారంటీ తీరినవాటిని ఢిల్లీలో కొన్ని బజార్లకు తీసుకువెళతారు. కన్నాట్ ప్లేస్‌లోని పాలికా బజార్ భూమి లోపల ఉన్న మార్కెట్, వీడియో గేములకు పాత పేరు. ఎర్రకోట ఎదుట ఉన్న లాజ్‌పత్ రాయ్ మార్కెట్ ఎలక్ట్రానిక్ సామానుకు, నెహ్రూ ప్లేస్ కంప్యూటర్లకు, కరోల్‌బాగ్‌లోని గఫార్ మార్కెట్ సెల్‌ఫోన్లకు పేరుపడ్డాయి. సూక్ష్మదర్శిని కింద బోర్డును చూస్తూ వెంట్రుకంత అతుకును సరిచేసే నిపుణులు ఈ బజార్లలో ఉన్నారు. పక్క దుకాణంలోనే ఏమీ తెలియనివారూ ఉన్నారు. బోర్డులు చూసి మనం తేడా కనిపెట్టలేం, ఒక ప్రశ్న అడిగి కనిపెట్టవచ్చు: "పెహలే చెక్ కీజియే, ఫిర్ రేట్ బతాయియే." ముందు పరీక్షించండి, తరువాత ధర చెప్పండి అని అర్థం. విప్పకుండానే జబ్బూ ధరా రెండూ చెప్పేవారి దగ్గర నుంచి మర్యాదగా లేచి రండి. పరీక్షకు కొంత రుసుము అడిగితే ఇవ్వండి. డాక్టరు ఫీజు ఇస్తున్నాం కదా.

"చిప్పు వేడి చేస్తే వచ్చేస్తుంది" అనే మాట కూడా మీకు వినిపించవచ్చు. దీని వెనుక పెద్ద చరిత్రే ఉంది. 2005 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360ని విడుదల చేసింది. మన దేశానికి అది 2006 సెప్టెంబరులో వచ్చింది. ప్రపంచమంతటా ఎన్నో యంత్రాలు ముందువైపు మూడు ఎర్రదీపాలు వెలిగి ఆగిపోయాయి. 2007 జులైలో కంపెనీ ఆ లోపానికి వారంటీని మూడేళ్ళకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించవలసి వచ్చింది. యంత్రం ఆడినప్పుడు వేడెక్కుతుంది, ఆపినప్పుడు చల్లారుతుంది. లోహం ప్రతిసారీ కొద్దిగా వ్యాకోచించి, మళ్ళీ సంకోచిస్తుంది. ఇలా వేలసార్లు జరిగితే అతుకు చిట్లుతుంది. దుకాణాలలో వేడిగాలి కొట్టి ఆ చిప్పులను బతికించేవారు. కొన్ని వారాలు నడిచి, అవి మళ్ళీ ఆగేవి. చిట్లింది చిప్పుకూ బోర్డుకూ మధ్య ఉన్న అతుకు కాదని, చిప్పు భాగాల లోపలి అతుకులని కంపెనీ ఇంజినీర్లు 2021లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో వివరించారు. పైనుంచి వేడి చేయడం జ్వరానికి తడిగుడ్డ వేయడం వంటిది. అటువంటి రిపేరుకు డబ్బు ఇచ్చేముందు ఎన్ని నెలల గ్యారంటీ ఇస్తారో అడగండి. జవాబులోనే మీకు సంగతి తెలిసిపోతుంది.

మా ఇంటి కథలో ఆటలు ఎందుకు పోయాయో ఇప్పుడు చెప్పాలి. ప్లేస్టేషన్ 4లో హార్డ్ డిస్కుకూ మదర్‌బోర్డుకూ తాళానికీ తాళంచెవికీ ఉన్న సంబంధం ఉంటుంది. డిస్కులోని సమాచారం ఆ బోర్డుకే చదవడానికి వస్తుంది. బోర్డు మారిస్తే డిస్కు బాగానే ఉన్నా మళ్ళీ ఖాళీ చేసి మొదలుపెట్టాలి. కాబట్టి యంత్రం కొంచెమైనా నడుస్తున్నప్పుడే ఆటలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. ప్లేస్టేషన్ 5 ఆటలకు ఆ వీలు లేదు. చందా కట్టి కంపెనీ సర్వరులో దాచుకోవాలి. డిస్కు వేసే డ్రైవు కూడా ఇంతే. దాని చిన్న బోర్డు మదర్‌బోర్డుతో జతపడి ఉంటుంది. వేరే యంత్రం నుంచి తీసిన డ్రైవును అలాగే బిగిస్తే ఆటల డిస్కులు ఆడవు. పాత చిన్నబోర్డును కొత్త డ్రైవుకు మార్చి బిగించాలి. అందుకే రెండో వాక్యం కూడా నేర్చుకోండి: "పురానా పార్ట్ వాపస్ చాహియే." పాత భాగం నాకు తిరిగి కావాలి.

రసీదులో దుకాణం పేరు, జి.ఎస్.టి. నంబరు, తేదీతో పాటు యంత్రం అడుగున ఉండే సీరియల్ నంబరు తప్పక ఉండాలి. అది లేకపోతే మీ యంత్రమే మీకు తిరిగి వచ్చిందని రుజువు చేయలేరు. మీరు రాసిన లోపాలు, ఇచ్చిన తీగలు, కంట్రోలర్లు, ఒప్పుకున్న ధర, తిరిగి ఇచ్చే తేదీ, రిపేరుకు గ్యారంటీ ఎన్నాళ్ళు అన్నవి రాయించుకోండి. "మీకు చెప్పకుండా బోర్డు మార్చము" అనే ఒక వాక్యం చేర్చమనండి. రాయడానికి విసుక్కుంటే మీ కాగితం మీదే ముద్ర వేయించుకోండి.

డబ్బు తీసుకొని చేసే మరమ్మతు చట్టం దృష్టిలో సేవ. అందులో లోపం జరిగితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. అది 2020 జులై 20న అమలులోకి వచ్చింది. ముందుగా 1915 నంబరుకు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం, అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫిర్యాదుకు రుసుము లేదు. రెండేళ్ళ లోపల వేయాలి. మన ప్రాంతంవారికి ఉపయోగపడే మార్పు ఇందులో ఒకటి ఉంది. దుకాణం ఢిల్లీలో, మీ ఇల్లు నోయిడాలోనో గుర్‌గావ్‌లోనో ఉంటుంది. అంటే రాష్ట్రమే వేరు. 1986 నాటి పాత చట్టం ప్రకారం దుకాణం ఉన్నచోటికి తిరగవలసి వచ్చేది. ఇప్పుడు మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. అయితే అక్కడ కూడా మొదట అడిగేది రసీదే.

పాఠగత అభ్యాసం: ఒక దుకాణదారు ఇచ్చిన చీటీలో "గేమ్ మెషిన్, ఖరాబ్, శనివారం" అని మాత్రమే ఉంది. యంత్రం అరగంట ఆడిన తరువాత పెద్ద శబ్దం చేసి ఆగిపోతోంది, చల్లారాక మళ్ళీ నడుస్తోంది. దానితో పాటు ఒక కంట్రోలరు, రెండు తీగలు ఇచ్చారు. ఈ చీటీని మీరు సంతకం చేయదగిన రసీదుగా తిరిగి రాయండి. పది వాక్యాలు మించకూడదు.