ఆల్చిప్పలు తినేముందు తెలుసుకోవలసినవి



సెలవు రోజుల్లో కళింగపట్నం, బారువ, భావనపాడు, చింతపల్లి తీరాలకు పిల్లలతో వెళ్లేవారు మనలో చాలామంది ఉన్నారు. పని కోసం గుజరాత్, చెన్నై, కేరళ వెళ్లే మత్స్యకార కుటుంబాలూ ఉన్నాయి. మన జిల్లాల్లో పెంపకం అంటే ముఖ్యంగా రొయ్యల చెరువులే. కేరళలో మాత్రం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సహాయంతో మహిళా సంఘాలు ఉప్పునీటి కయ్యల్లో ఆల్చిప్పలు పెంచుతున్నాయి. హోటళ్లలో వీటినే ఆయిస్టర్లు అంటారు. పెంచిన చోటే వీటిని చూడవచ్చినవారికి వడ్డిస్తే ఆ తిండికి ఎవరు పూచీ? ఈ విషయం ఈ నెల వివరిస్తున్నాము.

చిప్ప ఎందుకు వేరు?

చేప ఈదుతూ మేత వెతుక్కుంటుంది. ఆల్చిప్ప ఉన్నచోటనే అతుక్కుని, గంటకు లీటర్ల కొద్దీ నీటిని లోపలికి లాగి వడగట్టుకుని బతుకుతుంది. నీటిలో మురుగు కలిస్తే అందులోని సూక్ష్మజీవులు దాని ఒంట్లో పోగవుతాయి. పైగా చేపను శుభ్రం చేసేటప్పుడు పేగులు తీసి పారేస్తాము. ఆల్చిప్పను లోపలి భాగాలతో సహా, కొందరు పచ్చిగానే తింటారు. అందుచేత చిప్ప ఎంత తాజాగా ఉన్నదని కాదు, ఏ నీటిలో పెరిగిందని అడగాలి.

ప్రభుత్వాలు ఎందుకు కల్పించుకున్నాయి?

1924-25 శీతాకాలంలో అమెరికాలో ఆల్చిప్పల వల్ల టైఫాయిడ్ వ్యాపించి సుమారు 1,500 మందికి సోకింది, 150 మంది చనిపోయారు. దానితో 1925లో అక్కడ చిప్పల పారిశుధ్యానికి జాతీయ కార్యక్రమం మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వాలు నీటిని పరీక్షించి, ఎక్కడ కోయవచ్చో ఎక్కడ కూడదో ప్రకటిస్తాయి. ప్రతి సంచికి ఎక్కడ, ఏ రోజు కోశారో తెలిపే చీటీ కడతారు. వడ్డించిన చోట ఆ చీటీని 90 రోజులు దాచాలి. ఎవరైనా జబ్బుపడితే ఏ నీటి నుండి వచ్చిందో తెలుసుకోవడానికే ఈ ఏర్పాటు.

1988లో చైనాలోని షాంఘైలో సగం ఉడికిన గుల్లలు తిని దాదాపు 3 లక్షల మందికి హెపటైటిస్-ఎ కామెర్లు వచ్చాయి. మన దేశంలో 1997లో కేరళలోని విళింజం వద్ద గుల్లలు తిని 7 మంది మరణించారు, 500 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. అది సూక్ష్మమైన నాచు నుండి గుల్లల్లో చేరిన విషం. ఆ విషం ఉడికించినా పోదు. అందుకే వంటగదిలో ఎంత శుభ్రత ఉన్నా నీటి పరీక్ష తప్పనిసరి.

మన దేశంలో చట్టం

తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 2005లో వచ్చింది. 2023 సవరణతో చిప్పల పెంపకం కూడా దాని పరిధిలోకి చేరింది. ఇది పెంపకానికి సంబంధించినది. తిండికి సంబంధించినది ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006. ఈ చట్టంలోని 18వ సెక్షను ప్రకారం రైతుకు, మత్స్యకారునికి, ఆక్వా పెంపకానికి చట్టం వర్తించదు. కాని అదే రైతు బల్లలు వేసి, నిమ్మకాయ కోసి పెట్టి, వచ్చినవారికి డబ్బుకు వడ్డిస్తే అది ఆహార వ్యాపారం అవుతుంది. అప్పుడు రిజిస్ట్రేషన్ గాని లైసెన్సు గాని ఉండాలి. ఆ 14 అంకెల నంబరు అందరికీ కనబడేటట్లు పెట్టాలి. దీనిని అమలు చేసేది రాష్ట్ర ప్రభుత్వపు ఆహార భద్రతా అధికారులు.

ఆ నంబరు ఉన్నంత మాత్రాన నీరు మంచిదని అర్థం కాదు. అందుకే ఈ మూడు ప్రశ్నలు అడగండి:

1. ఇవి ఎక్కడివి, ఎప్పుడు తీశారు?
2. ఆ నీటిని పరీక్ష చేయించారా?
3. శుద్ధిచేసిన నీటి తొట్టెల్లో ఉంచి, లోపలి మురికి పోయిన తరువాతనే ఇస్తున్నారా?

జవాబు సరిగా రాకపోతే తినవద్దు. తొట్టెల్లో ఉంచడం వల్ల సూక్ష్మజీవులు చాలావరకు తగ్గుతాయి. వైరస్‌లు, నాచు విషం పూర్తిగా పోవు.

పచ్చివి ఎవరు తినరాదు?

లివరు జబ్బు ఉన్నవారు, మద్యం ఎక్కువగా తాగేవారు, షుగరు రోగులు, క్యాన్సరుకు చికిత్స పొందేవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు, గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు పచ్చి ఆల్చిప్పలు ముట్టరాదు. వెచ్చని ఉప్పునీటిలో ఉండే విబ్రియో అనే క్రిమి వీరిలో రక్తానికి పాకి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు. నిమ్మరసం, కారం, సారా ఆ క్రిమిని చంపవు. చిప్ప నోరు తెరిచిన తరువాత కూడా 3 నుండి 5 నిమిషాలు మరిగించాలి. నోరు తెరవని చిప్పను పారవేయండి.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకండి

తిన్న కొద్దిసేపటికే పెదవులు, నాలుక, వేళ్లు తిమ్మిరెక్కడం, మాట తడబడటం, ఊపిరి ఆడకపోవడం నాచు విషానికి గుర్తులు. దీనికి విరుగుడు మందు లేదు. సమయానికి ఆక్సిజన్, వెంటిలేటరు అందితే మనిషి బతుకుతాడు. 108కి ఫోను చేయండి. చలిజ్వరం, కాళ్ల మీద బొబ్బలు, ఆగని విరేచనాలు ఉన్నా వెంటనే ఆసుపత్రికి రండి. ఏమి తిన్నారో, ఎక్కడ తిన్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. మీతోపాటు తిన్నవారికి కూడా కబురు చేయండి. మీరు చెప్పే ఆ ఒక్క మాట వల్ల ఇంకా ఇంటికి చేరని మరో కుటుంబం జాగ్రత్తపడవచ్చు.