గాజుతొట్టెలో సముద్రం

అక్వేరియం అనగానే మనకు తోచేది చేపలు. పగడాలు కూడ పెంచదలచినవాడు మాత్రం ముందుగా పెంచవలసింది కంటికి కనబడని బాక్టీరియాను. చేపల విసర్జనంలో ఉండే అమోనియా విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేటు చేస్తుంది. ఇది కొంత నయం. ఈ సూక్ష్మజీవులు రాళ్ళలో స్థిరపడడానికి నెల, నెలన్నర పడుతుంది. అందాకా ఖాళీతొట్టెను చూస్తూ కూర్చోవాలి. ఆ ఓపిక లేకనే చాలామంది చేపల్ని చంపుకుంటారు! ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో ప్రకటించిన పద్ధతికి ఆధారం ఇలా జీవంతో నిండిన రాళ్ళే.

పగడపుజీవి కణాల్లో ఒక రకం నాచు కాపురముంటుంది. వెలుతురుతో ఆహారం తయారుచేసి, ఇంటద్దెలాగ దానికి చెల్లిస్తుందన్నమాట. కనుక దీపాలు గట్టివి కావాలి, నీరు 25, 26 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర నిలవాలి. 30 దాటి కొన్నాళ్ళుంటే నాచు వెళ్ళిపోయి పగడం అక్షరాలా తెల్లబోతుంది. చల్లబరిచే యంత్రం లేకుండా మన మే నెలలో అది అయ్యే పని కాదు. నీరు ఆవిరైనా ఉప్పు అక్కడే ఉంటుంది గదా. తగ్గినచోట పోయవలసింది మంచినీరే.

సీ ఎనిమోన్ ఇంకా పేచీకోరు. చోటు నచ్చకపోతే పాకిపోయి మోటారులో పడి నలుగుతుంది, తొట్టెంతా పాడుచేస్తుంది. అది లేకున్నా క్లౌన్ చేపకు తొట్టెలో గడిచిపోతుంది.

మన సముద్రంలోంచి పగడాన్ని విరిచి తేవడం నేరం. 2001 నుంచి అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో పులి సరసన ఉంది. క్లౌన్ చేపలనైతే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ హేచరీలోనే పుట్టించింది. మొదలుపెట్టేవాడు వాటితో మొదలుపెట్టవచ్చు.